ల్యాండ్‌మాస్టరు అమ్మకం

కారు చూడడానికి హైదరాబాదు నుంచి వచ్చిన అబ్బాయి మొదట అడిగిన మాట: "ఎంత శాతం పూర్తయింది, అంకుల్?"

నాకు జవాబు తోచలేదు. చాసిస్ తుప్పు గీకించి రంగు వేయించాను. బాడీ టింకరింగు ముగిసి ప్రైమరు దాకా వచ్చింది. నాలుగు తలుపులూ షెడ్డు గోడకు ఆనించి ఉన్నవి. ఇంజను బల్ల మీద ఉన్నది. సీట్ల స్ప్రింగులు గోనెసంచిలో ఉన్నవి. వైరింగు మొదలే కాలేదు. ఆరేళ్ళ క్రితం ఉత్సాహంగా తలకెత్తుకున్న పని; నా నడుమూ నా డబ్బూ ఒకేసారి సన్నగిల్లడంతో కరీంనగరులోని ఈ షెడ్డులోనే ఆగిపోయింది. ఉన్నది ఉన్నట్టుగా అమ్మేద్దామని నిశ్చయించుకున్నాను. అమ్మకం సంగతి నాలుగు వాక్యాల్లో ముగిసేదే. కాని ఆ "శాతం" అన్న మాట పట్టుకొని నేను కొంచెం వెనక్కి వెళ్ళవలసి వచ్చింది.

ఇది 1956 నాటి హిందుస్థాన్ ల్యాండ్‌మాస్టరు. బ్రిటనులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండవ సిరీస్‌గా పుట్టిన బండిని హిందుస్థాన్ మోటార్స్ కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో 1954 నుంచి ఈ పేరుతో తయారుచేసింది. నాలుగేళ్ళలోనే దీని స్థానాన్ని అంబాసిడరు ఆక్రమించింది. తమ్ముడు 2014 దాకా బతికి దేశమంతా తిరగడంతో అన్నను జనం మరిచిపోయారు. మా షెడ్డుకు వచ్చినవాళ్ళందరూ దీన్ని అంబాసిడరనే అంటారు. వెనకవైపు అంబాసిడరుకుండే చిన్న రెక్కలు దీనికి లేవని చూపిస్తే తప్ప నమ్మరు.

మా బాపు దీన్ని 1966లో సెకండ్‌హ్యాండుగా కొన్నాడు. అప్పుడాయన తునికాకు వ్యాపారంలో ఉండేవాడు. ఎండాకాలమంతా నిర్మల్, ఖానాపూర్, ఉట్నూరు అడవుల చుట్టూ తిరుగుడే. ఆ వ్యాపారం 1971 చట్టంతో ప్రభుత్వపు చేతికి పోయింది. కారు మాత్రం మిగిలింది. ఆనాటి మా ప్రాంతంలో కారు అవసరమేమిటో ఇప్పటివాళ్ళకు చెప్పాలి. 1929లో పూర్తయిన కాజీపేట-బల్లార్షా రైలుమార్గం పెద్దపల్లి, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా తన దారిన తాను పోయింది. నా చిన్నతనంలో కరీంనగరు పట్టణానికి రైలు లేదు, పెద్దపల్లికి పోయి ఎక్కవలసిందే. ఆదిలాబాదుకు ఉన్న మీటరుగేజి లైను ముద్‌ఖేడు వైపు, అంటే మహారాష్ట్రలోకి, తీసుకుపోయేది. కరీంనగరు నుంచి ఆదిలాబాదుకు పోవాలంటే రోడ్డే గతి.

రోడ్డు మీద మొదట నిలబడింది బస్సు. నిజాం స్టేట్ రైల్వే వాళ్ళు 1932 జూన్‌లో రోడ్డు రవాణా విభాగం తెరిచినప్పుడు దానికి ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. స్కాట్లాండులో తయారైన ఆల్బియన్ బండ్లవి. ఒకదాన్ని ఆర్టీసీ భద్రపరిచింది. సంస్థానం పోయింది, విభాగం 1958లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది, తెలంగాణ వచ్చాక మళ్ళీ పేరు మారింది. సొంత కారు మాత్రం దొరలకూ డాక్టర్లకూ కొద్దిమంది వ్యాపారులకూ ఉండేది.

ఆ కార్లకు వచ్చిన అసలు కష్టం ఢిల్లీలో మొదలైంది. దేశంలో తయారీకి పూనుకోని, విడిభాగాలు తెచ్చి బిగించే కంపెనీలకు ఇక చోటు లేదని 1953లో టారిఫ్ కమిషన్ తేల్చింది. బొంబాయిలో 1928 నుంచి కార్లు బిగిస్తున్న జనరల్ మోటార్స్, దానితో పాటు ఫోర్డు, దుకాణం కట్టేసుకున్నవి. షెవర్లేలకూ ఫోర్డులకూ కొత్త సామాను రాక ఆగింది. దేశీయ పరిశ్రమను నిలబెట్టిన నిర్ణయమే అది, కాదనను. కాని దాని భారం మోసినవాళ్ళు జిల్లాల మిస్త్రీలు. లేతు మీద బుష్షులు తిప్పడం, ఒక బండి గేరుపెట్టెను ఇంకొక బండికి అతకడం వాళ్ళకు నిత్యకృత్యమైంది. ఆ మిస్త్రీల చరిత్ర ఎవరూ రాయలేదు.

మా బండి కూడా ఆ చేతుల్లోకే పోయింది. 1974లో ఆదిలాబాదులో ఒక పెండ్లికి పోతుండగా, నిర్మల్ దాటాక మహబూబ్ ఘాటు ఎక్కుతూ ఇంజను పెద్ద చప్పుడు చేసి ఆగిపోయింది. నేను వెనక సీటులో ఉన్నాను. క్రాంకుషాఫ్టు విరిగింది, బ్లాకు పగిలింది. ల్యాండ్‌మాస్టరుకు మొదట వచ్చింది 1476 సీసీ సైడ్‌వాల్వు ఇంజను; 1959లో అంబాసిడరుకు 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను వచ్చేసరికి పాతదాన్ని మానేశారు. పదిహేనేళ్ళ తరవాత నిర్మల్‌లో దానికి సామాను ఎక్కడ దొరుకుతుంది? అక్కడి మిస్త్రీ మౌంటింగులు కోసి, అతికి, అంబాసిడరు ఇంజను కూర్చోబెట్టాడు. పదకొండు రోజులు పట్టింది. పెండ్లికి మేము బస్సులోనే పోయాము. బాపు ఆ మార్పును దాచలేదు. రవాణా కార్యాలయానికి పోయి ఆర్.సి. పుస్తకంలో పాత ఇంజను నంబరు కొట్టివేయించి, కొత్తది రాయించి, ముద్ర వేయించుకొని వచ్చాడు.

ఇప్పటి చిక్కు ఆ ముద్రతోనే. వింటేజి వాహనాలకు కేంద్రప్రభుత్వం 2021 జులైలో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను అయి యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండి వింటేజి అవుతుంది. చాసిస్‌లో గాని బాడీలో గాని ఇంజనులో గాని పెద్ద మార్పు చేసి ఉండకూడదు. కొత్త నమోదుకు ఇరవై వేలు రుసుము, గడువు పదేళ్ళు, నంబరులో వి.ఎ. అనే అక్షరాలు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజూ తిప్పరాదు. అమ్మితే తొంభై రోజుల్లో తెలియజేయాలి. నిబంధనలు సబబైనవే. అయితే వాటిని రాసినవాళ్ళ కళ్ళముందు ఎటువంటి కారు ఉన్నదో నేను ఊహించగలను.

అటువంటిది చౌమహల్లాలో ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోరి చేయించుకున్న పసుపురంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు, వెనక సింహాసనం వంటి ఎత్తైన ఆసనం. ఆయన 1911 ఆగస్టులో పోయాడు, కారు ఆ తరవాత చేరింది. 1947 దాకా అది నడిచింది 356 మైళ్ళే అంటారు. కరీంనగరు నుంచి ఆదిలాబాదుకు ఒకటి రెండుసార్లు పోయివస్తే తీరిపోయే దూరమది. అంత చెక్కుచెదరకుండా ఉన్నదంటే వింత ఏమున్నది? ఇక అదే వంశపు మోటారు ఖానా కథ వేరు. 1967లో ఉస్మాన్ అలీఖాన్ మరణించాక మనుమడు ముకర్రం జా చేతికి వచ్చిన అరవైకి దగ్గర కార్లలో నడిచే స్థితిలో ఉన్నవి నాలుగేనని జాన్ జుబ్రిజికీ ఆయన జీవితచరిత్రలో రాశాడు. ముకర్రం జాకు ఇంజన్లు తానే విప్పి బిగించడమంటే మహా ఇష్టం. అంతటివాడికీ అన్నీ బాగుచేయడం వల్ల కాలేదు. ఈ మాట నన్ను కొంత ఓదార్చిందని ఒప్పుకుంటాను.

అమ్మకం మాట బయటికి పొక్కగానే ముందుగా ఒక మధ్యవర్తి వచ్చాడు. ఆర్.సి. తిరగేసి ముద్ర దగ్గర ఆగాడు. "సారూ, గీ పేజీ ఒక్కటి లేకుంటే రేటు రెండింతలైతది. సైడ్‌వాల్వు ఇంజను నేను దెస్త. పాత నంబరు కొట్టిపిద్దాం. పుస్తకం పోయిందని డూప్లికేటు దీసుకుందాం. గట్లనే చేస్తరు అందరు." నేను వెంటనే కాదనలేదు. ఆ రాత్రి లెక్క వేసుకున్నాను కూడా. ఆరేళ్ళలో ఖర్చు పెట్టినదంతా తిరిగి వచ్చేటట్టే ఉన్నది.

తెల్లవారి పుస్తకం మళ్ళీ తెరిచాను. కొట్టివేత మీద ఎర్రసిరా గీత, పక్కన తేదీ, కింద ముద్ర. మహబూబ్ ఘాటులో జరిగినదానికీ, నిర్మల్ మిస్త్రీ పదకొండు రోజుల పనికీ కాగితం మీద మిగిలిన ఆనవాలు అదొక్కటే. ఆ మిస్త్రీ పేరు కూడా నాకు గుర్తులేదు. మధ్యవర్తికి ఫోను చేసి వద్దన్నాను.

హైదరాబాదు అబ్బాయికి మొదటే ఆ పేజీ తెరిచి చూపించాను. వింటేజి నమోదుకు ఇంజను అడ్డు రావచ్చునని, ఎంత శాతం పూర్తయిందో నాకు తెలియదని, లేని సామాను ఇదని ఒక కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చాను. అతడు చాలాసేపు బండి కిందకు దూరి టార్చిలైటుతో ఆ మౌంటింగుల అతుకులు చూశాడు. బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, "ఈ వెల్డింగు ఎవరు చేసిన్రు అంకుల్, మంచిగున్నది" అన్నాడు. ధర మధ్యవర్తి చెప్పినదానిలో సగం కన్నా తక్కువే పలికింది. ఇచ్చేశాను.

పోయిన ఆదివారం డీసీఎం వచ్చింది. బాడీని నలుగురం తోసి ఎక్కించాము, తలుపులు పరుపుల మధ్య పెట్టి తాళ్ళతో కట్టారు. అంతా పోయాక షెడ్డు ఊడుస్తుంటే అటక మీద ఒక బిస్కెట్ల డబ్బా కనిపించింది. అందులో పాత ఇంజను మౌంటింగు బోల్టులు, చీటీ చుట్టి, బాపు చేతిరాతతో: "ల్యాండుమాస్టరువి. పారేయవద్దు." డబ్బాను గుడ్డలో కట్టి మర్నాడు బస్టాండుకు తీసుకుపోయి, ఆ అబ్బాయి చిరునామా రాసి, హైదరాబాదు బస్సులో పార్శిలు వేసి వచ్చాను.