ఎంబీఏ సీటు ఎలా తీసుకుంటే ఫీజు రీయింబర్స్‌మెంట్? ఐసెట్, క్యాట్, దోస్త్ అర్హతలు ఇవే..

మరిపెడ: వరంగల్–ఖమ్మం రోడ్డు మీదున్న మరిపెడ నుంచి బీబీఏ, ఎంబీఏ చదవాలంటే బస్సు ఎటైనా ఎక్కొచ్చు. అటు హనుమకొండ, ఇటు ఖమ్మం. రెండు వైపులా ఎక్కువ కాలేజీలు కాకతీయ యూనివర్సిటీ కిందే ఉన్నాయి. అసలు తేడా సీటు ఎలా తీసుకున్నారన్న దగ్గరే వస్తుంది. ఒకే క్లాసులో పక్కపక్కనే కూర్చున్న ఇద్దరిలో ఒకరి ఫీజు ప్రభుత్వం కడుతుంది, ఇంకొకరి ఫీజు ఇంటివాళ్లే కట్టాలి.

డిగ్రీ పూర్తయినవాళ్లకు మొదటి దారి టీజీ ఐసెట్. ఏ డిగ్రీ అయినా ఓకే, బీకామే చదవాలని లేదు. జనరల్ వాళ్లకు డిగ్రీలో 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 45 శాతం మార్కులుండాలి. పరీక్షలో 200 ప్రశ్నలు, టైమ్ రెండున్నర గంటలు. అనలిటికల్‌కు 75, మ్యాథ్స్‌కు 75, కమ్యూనికేషన్‌కు 50 మార్కులు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. క్వాలిఫై కావాలంటే 50 మార్కులు రావాలి. అయితే ఎస్సీ, ఎస్టీలకు ఈ కటాఫ్ లేదు. మరిపెడ చుట్టుపక్కల తండాల పిల్లలకు ఇది పెద్ద వెసులుబాటే. ఎస్టీ రిజర్వేషన్ 2022 నుంచి 10 శాతానికి పెరిగింది కూడా. ఉస్మానియా, కాకతీయ క్యాంపస్ కాలేజీల్లో ఎంబీఏ సీట్లూ ఐసెట్ ర్యాంకుతోనే ఇస్తారు.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ఐసెట్ కౌన్సెలింగ్‌లో, అంటే కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్, దూరవిద్య.. వీటికి రాదు. 'ర్యాంకు వచ్చింది కదా, స్పాట్‌లో చేరినా స్కాలర్‌షిప్ వస్తుంది' అని ఎవరైనా ఏజెంట్ చెబితే నమ్మొద్దు. మంచి కాలేజీలో సీటు రాదేమోనని వెబ్ ఆప్షన్లు రెండు మూడే పెట్టి ఊరుకుంటే చివరికి స్పాటే గతి అవుతుంది. ఆప్షన్లు ఎక్కువ పెట్టుకోవడమే సేఫ్.

కన్వీనర్ సీటు వచ్చినా అంతా సాఫీగా ఉంటుందనీ కాదు. బకాయిలు పేరుకుపోయి ప్రైవేటు కాలేజీలు బంద్ చేసిన సందర్భాలున్నాయి. కోర్సు అయ్యాక ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్న కాలేజీల మీద విద్యార్థులు ఫిర్యాదులూ చేశారు. ఒరిజినల్స్ తమ దగ్గర ఉంచుకోవద్దని యూజీసీ 2018లోనే కాలేజీలకు చెప్పింది. చేరేటప్పుడే ఈ విషయం సీనియర్లను అడిగి తెలుసుకోండి.

ఇక రెండో దారి క్యాట్. ఐఐఎం విశాఖపట్నం, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, వరంగల్ ఎన్ఐటీ దీని స్కోరు చూస్తాయి. ఎన్ఐటీ అయితే మ్యాట్ స్కోరు కూడా తీసుకుంటుంది. క్యాట్ రాయడానికి డిగ్రీలో 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45 శాతం ఉంటే చాలు. పరీక్ష రెండు గంటలే. మూడు సెక్షన్లు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఆప్షన్లున్న ప్రశ్న తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. ఐసెట్‌లోలాగా గుడ్డిగా పెట్టేయడం ఇక్కడ కుదరదు. స్కోరు తర్వాత ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లిష్ సెక్షన్‌కే ఎక్కువ ప్రిపరేషన్ కావాలి. పరీక్ష సాధారణంగా నవంబర్ చివర్లో ఉంటుంది. అంటే డిగ్రీ ఫైనల్ ఇయర్‌లోనే రాయాలి, డిగ్రీ అయ్యాక చూద్దాంలే అంటే ఏడాది పోయినట్టే. హైదరాబాద్ ఐఎస్‌బీ సంగతి వేరు. అక్కడి ఏడాది కోర్సుకు జీమ్యాట్ లేదా జీఆర్‌ఈ స్కోరుతో పాటు ఉద్యోగ అనుభవం కూడా కావాలి.

ఇంటర్ పాసైనవాళ్లకు బీబీఏ ఉంది. ఎంట్రన్స్ లేదు, ఇంటర్ మార్కులతో దోస్త్‌లో సీటు ఇస్తారు. ఏ గ్రూప్ చదివినా అప్లై చేసుకోవచ్చు. ఇందులోనూ దోస్త్ అలాట్‌మెంట్ సీటుకే రీయింబర్స్‌మెంట్, కాలేజీలో నేరుగా చేరితే రాదు. 2024–25 నుంచి బీబీఏ కూడా ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చింది. చేరేముందు కాలేజీకి ఆ అనుమతి ఉందో లేదో చూసుకోవాలి.

బీసీ, ఈబీసీ కుటుంబాలకు ఆదాయ పరిమితి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. మరిపెడ ఇప్పుడు మున్సిపాలిటీ కాబట్టి టౌన్‌లో ఉండేవాళ్లకు, పక్క ఊళ్లవాళ్లకు లెక్క వేరుగా ఉంటుంది. ఆదాయ, కుల సర్టిఫికెట్ల కోసం రిజల్ట్స్ వచ్చేదాకా ఆగకుండా ముందే మీ సేవలో అప్లై చేసుకోండి. కౌన్సెలింగ్ డేట్లు వచ్చాక తహసీల్దార్ ఆఫీసు దగ్గర అందరూ ఒకేసారి క్యూ కడతారు.