పెనుకొండ పట్టుకున్న పతనం

ధర్మవరం నుంచి హిందూపురం మీదుగా బెంగళూరు పోయే రైలుకు దారిలో పెనుకొండ వస్తుంది. ఆ రైల్లో కూర్చుని జావాస్క్రిప్ట్ రాసుకునే కుర్రాళ్ళు ఈ కొండ కథ వినాలి. ఒక పని ముగిస్తేగాని మరొకటి మొదలుకాని వరస ఎలా కూలుతుందో ఇందులో ఉంది.

విజయనగరాన్ని నడిపిన అళియ రామరాయలు దక్కను సుల్తానుల్లో ఒకరిని చేరదీసి మరొకరిని అణచడంలో ఆరితేరాడు. ఒప్పందం కడుపులో ఇంకో ఒప్పందం, దాని కడుపులో మరొకటి. జావాస్క్రిప్ట్‌లో దెన్ లోపల దెన్ దూర్చుకుంటూ పోయినా ఇదే గతి: ఎక్కడ ఏది తెగిందో రాసినవాడికే అంతుపట్టదు. ప్రతి దెన్ ఒక కొత్త ప్రామిస్‌ను, అంటే రాబోయే ఫలితానికి హామీని, ఇస్తుంది కనుక వాటిని ఒకదాని తర్వాత ఒకటిగా పేర్చవచ్చు. రాయలకు ఆ వెసులుబాటు చిక్కలేదు. సుల్తానులు ఏకమయ్యారు. 1565 జనవరిలో రాక్షసి తంగడి దగ్గర ఆయన తల తెగింది, సేన చెదిరింది, హంపీ కొల్లబోయింది.

ప్రామిస్ విఫలమైతే తర్వాతి దెన్‌లేవీ నడవవు. వైఫల్యం వాటన్నిటినీ దాటుకుంటూ పోయి, మొదట ఎదురైన క్యాచ్ దగ్గర ఆగుతుంది. విజయనగరానికి ఆ క్యాచ్ పెనుకొండ. రామరాయల తమ్ముడు తిరుమల రాయలు పేరుకు రాజైన సదాశివరాయలనూ ఖజానానూ వెంటబెట్టుకుని ఇక్కడికి చేరాడు. పోయినదాన్ని పోలేదని బుకాయించలేదు. మిగిలినదాన్ని కూడగట్టి కొడుకుల చేతికి అప్పగించాడు. క్యాచ్ ఒక విలువను తిరిగి ఇస్తే వరస మళ్ళీ సాగుతుంది, సాగింది కూడా. కొడుకు శ్రీరంగరాయల కాలంలో 1576 ప్రాంతంలో బీజాపురం వచ్చి పెనుకొండను ముట్టడించింది, మరో కొడుకు వెంకటపతి రాయల కాలంలో గోల్కొండ వచ్చింది. దుర్గం లొంగలేదు.

తర్వాత వెంకటపతి రాజధానిని చంద్రగిరికి, అక్కణ్ణుంచి వేలూరికి మార్చాడు. 1614లో ఆయన కన్నుమూశాక అసలు చేటు మొదలైంది. అన్న కొడుకు శ్రీరంగణ్ణి ఆయన వారసుడిగా ఎంచాడు, కానీ ఆ వారసుడు కుదురుకునేదాకా ఆగేవాళ్ళే లేకపోయారు. దెన్‌లో మొదలుపెట్టిన పనిని రిటర్న్ చేయడం మరిచిపోతే తర్వాతి దెన్ దానికోసం ఆగదు, వట్టి చేతులతో పరుగు తీస్తుంది. జగ్గరాయడనే సామంతుడు తన మనిషిని గద్దెనెక్కించాలని కొత్త రాజును కుటుంబంతో సహా చంపించాడు. రాజు పక్షాన నిలిచిన యాచమ నాయకుడు ఆ కుటుంబంలో ఒక్క పిల్లవాణ్ణి, రామదేవుణ్ణి, తప్పించగలిగాడు. తోపూరు యుద్ధంలో గెలిచి అతణ్ణే రాజును చేశారు గాని, రాజ్యానికి పాత సత్తువ రాలేదు.

1642లో మూడో శ్రీరంగరాయలు వచ్చేసరికి మధుర, జింజి నాయకులు ఎదురుతిరిగారు. బీజాపురం, గోల్కొండ సేనలు దక్షిణానికి దిగాయి. చివరకు వేలూరూ చేజారింది. రాయలు పరుల పంచన చేరాడు.

2017లో జావాస్క్రిప్ట్‌లోకి అసింక్, అవెయిట్ వచ్చాక రాత తేలికైంది గాని నియమాలు మారలేదు: పేర్చి రాయాలి, తిరిగి ఇవ్వాలి, చివర పట్టుకునే చోటు ఉంచాలి. పట్టుకునేవాడు లేని వైఫల్యాన్ని, జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ ఒకప్పుడు హెచ్చరికతో వదిలేసేది. 2020లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి ప్రోగ్రాంనే ఆపేస్తోంది. విజయనగరానికి ఆ హెచ్చరికలు ఎనభై ఏళ్ళు వచ్చాయి. మొదటిసారి పెనుకొండ పట్టుకుంది. రెండోసారి పట్టుకునే చోటు ఎవరూ కట్టలేదు.