చెన్నపురి మూర్ మార్కెట్

గ్రామ గ్రంథాలయములలోని పాత బీరువాలు తెఱచి చూచినచో, కొన్ని పుస్తకముల మొదటి పుటపై ఇద్దఱు ముగ్గురు పూర్వపు సొంతదారుల పేర్లు కానవచ్చును. ఒక పేరు కొట్టివేసి దాని క్రింద మఱియొక పేరు వ్రాసియుండును. ఒక మూల పెన్సిలుతో వేసిన వెల యుండును. ఇట్టి పుస్తకములు చేతులు మాఱిన తావులలో చెన్నపురి మూర్ మార్కెట్ మిక్కిలి ప్రసిద్ధమైనది. ఆ కట్టడము నేడు లేదు. దాని చరిత్ర తెలిసికొనుట పుస్తకప్రియులకు ఉచితము.

ఆ చరిత్ర వేఱొక వీథిలో మొదలైనది. నేటి జార్జిటౌనులో తూర్పున ముత్యాలపేటయు, పడమట పెద్దనాయకునిపేటయు ఉండగా, రెంటి నడుమ మురుగు పాఱు పల్లమొకటి యుండెను. 18వ శతాబ్ది చివర స్టీఫెన్ పోఫాం అను ఆంగ్ల న్యాయవాది ఆ పల్లమును పూడ్పించి వెడల్పయిన బాట వేయించెను. దానికి పోఫాం బ్రాడ్వే యను పేరు వచ్చెను. అచ్చటి అంగడి కాలక్రమమున ఇఱుకై అశుభ్రమగుటచే, నగరపాలక సంఘమువారు క్రొత్త అంగడి కట్ట నిశ్చయించిరి.

సెంట్రల్ రైలుస్టేషను ప్రక్కనే 1898లో సంఘాధ్యక్షుడగు సర్ జార్జి మూర్ శంకుస్థాపన చేసెను. 1900లో గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ దానిని ప్రారంభించెను. ఎఱ్ఱని ఇటుక గోడలతో, కమానులతో, హిందూ మహమ్మదీయ శిల్పరీతులు కలిపి కట్టిన ఆ భవనము చూడముచ్చటగా నుండెడిది. దానికి చేరువనే, 1883లో విజయనగర ప్రభువు పూసపాటి ఆనందగజపతి పునాదిరాయి వేసిన విక్టోరియా పబ్లిక్ హాలు నేటికిని నిలిచియున్నది.

మూర్ మార్కెట్టులో దొరకని వస్తువు లేదని జనులు చెప్పుకొనెడివారు. పాత గడియారములు, గ్రామఫోను పలకలు, పంజరములలో చిలుకలు, అన్నిటికంటె మిన్నగా పాత పుస్తకములు అచ్చట అమ్ముడుపోయెడివి. బేరమాడ నేర్చినవానికే అది లాభము. కొనువాని కన్నులలోని ఆశను బట్టి అంగడివాడు వెల పెంచుననియు, కావలసిన పుస్తకమును విడిచి ప్రక్కదాని వెల అడుగవలెననియు అనుభవజ్ఞులు బోధించెడివారు. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు చెన్నపురియే ఆంధ్రులకును రాజధాని. చదువులకును, హైకోర్టు వ్యాజ్యములకును, అచ్చుపనులకును పోయిన తెలుగువారు తిరుగు రైలెక్కుటకు ముందు ఆ వసారాలలో ఒకమాఱు తిరుగుట కలదు. క్రొత్త పుస్తకము కొనలేని పేదవిద్యార్థికి అదియే సరస్వతీ మందిరము.

1985 మే 30వ తేదీన అగ్ని చెలరేగి ఆ కట్టడమును దహించెను. ఎన్ని పుస్తకములు బూడిదయ్యెనో లెక్కకు రాదు. ఆ నిప్పును గూర్చి జనులు పలువిధముల చెప్పుకొనిరి. మిగిలిన గోడలను తొలగించి, ఆ స్థలమున రైల్వేవారు పరిసర గ్రామముల రైళ్లకు స్టేషను కట్టిరి. వర్తకులకు సమీపముననే అల్లికుళమున దుకాణములు చూపిరి. నేడు మూర్ మార్కెట్ అను పేరు ఆ స్టేషనునకు మిగిలినది.

ప్రాతవీథి గతి వేఱు. బ్రాడ్వే నిలిచియున్నది కాని పేరు మాఱినది. అది నేడు ప్రకాశం వీథి. 1928 ఫిబ్రవరి 3వ తేదీన, సైమన్ సంఘ బహిష్కార సమయమున, ఆ పరిసరముననే టంగుటూరి ప్రకాశం పంతులుగారు తుపాకుల కెదురుగా రొమ్ము చూపిరి. అంగడికి కట్టడము పోయి పేరు మిగిలెను; వీథికి పేరు పోయి బాట మిగిలెను. రెండింటి పూర్వవృత్తాంతమును నిలిపినది వ్రాత యొక్కటియే.

మహానగరపు కట్టడముల కథ వ్రాయువారు పలువురుందురు. గ్రామపు చావడి కూలినచో, సంతవీథి మాఱినచో వ్రాయువారెవరు? అవి యెఱిగిన వృద్ధులు ఒక్కొక్కరే తరలిపోవుచున్నారు. కావున ప్రతి గ్రంథాలయమును ఒక తెల్లకాగితముల పుస్తకము కుట్టించి యుంచవలెను. పెద్దలు చెప్పగా పిన్నలు అందులో వ్రాయవలెను. ఏ యింటి స్థలమున పూర్వమేమి యుండెనో, ఏ వీథికి ఆ పేరెట్లు వచ్చెనో తేదీలతో నమోదు చేయవలెను. కొని తెచ్చిన గ్రంథము పోయినచో మఱియొక ప్రతి దొరకవచ్చును. ఆ పుస్తకమునకు మాత్రము రెండవ ప్రతి ఏ మార్కెట్టులోను దొరకదు.