రూత్వెల్: పేరులో మిగిలిన సిలువ

స్కాట్లాండు దక్షిణ తీరమున, సాల్వే సముద్రపు పాయ ప్రక్కన రూత్వెల్ అను చిన్న ప్యారిష్ కలదు. ప్యారిష్ అనగా మన పాస్టరేటు వంటిది. ప్రాచీన ఇంగ్లీషులో 'రోడ్' అనగా సిలువ, 'వెల్' అనగా నీటి ఊట. ఈ రెండును కలిసి ఆ పేరు వచ్చెనని పండితులు చెప్పుదురు. అక్కడి పల్లెవారు మాత్రము 'రివ్వెల్' అనియే పలుకుదురు. కాగితముమీద ఒక పేరు, నోట మరొక పేరు, మన ఊళ్లలోను ఉన్నదే గదా!

ఆ సిలువ రాతిది, 8వ శతాబ్దమునాటిది, సుమారు 18 అడుగుల ఎత్తు. ప్రభువు పాదములయొద్దనున్న స్త్రీ, పుట్టు గ్రుడ్డివాని స్వస్థత, ఐగుప్తు ప్రయాణము దానిమీద చెక్కబడియున్నవి. ప్రక్కల ద్రాక్షావల్లి, పండ్లు తినుచున్న పక్షులు. అంచుల వెంబడి రూన్ అను పాత లిపిలో, సిలువయే మాటలాడుచున్నట్లు ఒక పద్యభాగమున్నది. చదువురాని సంఘస్థులకు ఆ రాయే బైబిలు.

దానిని పగులగొట్టినది అన్యులు కారు, సంఘమే. విగ్రహారాధన చిహ్నములను పడగొట్టవలెనని 1640లో స్కాట్లాండు సంఘపు జనరల్ అసెంబ్లీ శాసించెను. 1642లో సిలువను కూల్చిరి. వారు దుష్టులని నేననను. రెండవ ఆజ్ఞయందు వారికున్న రోషము నిజమైనదే. అయినను సువార్తను చూపు రాతిని విగ్రహమని ఎంచుట తొందరపాటు. ముక్కలు కొంతకాలము గుడిలోను, తరువాత సమాధుల ఆవరణలోను పడియుండెను.

1799లో హెన్రీ డంకన్ అక్కడికి పాస్టరుగా వచ్చెను. అంతకు ముందు లివర్‌పూల్‌లో బ్యాంకు గుమాస్తాగా పనిచేసినవాడు. ఆ కాలపు బ్యాంకులు 10 పౌనులకు తక్కువ సొమ్ము తీసికొనెడివి కావు. కూలివాడు అంత ఎక్కడ తెచ్చును? 1810లో డంకన్ గ్రామములోని ఒక చిన్న ఇంటిలో పొదుపు బ్యాంకు తెరచి, ఆరు పెన్నీలైనను తీసికొనెను. ప్రపంచమంతటనున్న పొదుపు బ్యాంకులకు ఆ ఇల్లు మాదిరియైనది.

ఆయనయే సిలువ ముక్కలను ఏరి కూర్చి 1818లో పాస్టరు బంగళా తోటలో నిలిపెను. పోయిన అడ్డకమ్మికి బదులు 1823లో క్రొత్తది చేయించెను. రూన్ అక్షరముల సంగతి మాత్రము 1840లో జాన్ కెంబుల్ అను పండితుడు తేల్చెను.

1843లో స్కాట్లాండు సంఘము చీలెను. పాస్టరును నియమించు హక్కు సంఘస్థులదా, భూస్వామిదా అన్నదే ముఖ్యమైన తగవు. నాలుగు వందలకు మించిన పాస్టర్లు జీతములను, బంగళాలను విడిచి ఫ్రీ చర్చిగా బయటికి వచ్చిరి. డంకన్ అప్పటికి సుమారు డెబ్బది ఏండ్లవాడు, 1839లో అసెంబ్లీ మోడరేటరుగా కూర్చున్నవాడు. నలుబది నాలుగేండ్లు కాపురమున్న ఇంటిని విడిచెను. తోటలోని సిలువయు వెనుకనే నిలిచిపోయెను. ఆయన వర్గమువారు దగ్గరలో కట్టుకొనిన గుడి స్థలమునకు మౌంట్ కేదారు అని పేరు. 120వ కీర్తన చదివినవారికి ఆ పేరులోని పరదేశివాసము తెలియును. 1846లో ఆయన మరణించెను.

1887లో రూత్వెల్ గుడికి ఒక ప్రక్క అర్ధవృత్తాకారపు గది కట్టి సిలువను లోపలికి తెచ్చిరి. కప్పు చాలనందున నేలను త్రవ్వి, దాని పాదమును ఆ గుంటలో నిలిపిరి.