పాలకుని విశ్వాసము - ప్రజల హక్కు

రాజెట్లో ప్రజలట్లని పెద్దలు చెప్పుచు వచ్చిరి. ప్రజలే పాలకుల నెన్నుకొను నీ కాలమున ఆ లోకోక్తి తలక్రిందైనది. అయినను నాయకుని హృదయమందలి దైవభక్తికిని, ఆతని చేతియందలి యధికారమునకును గల సంబంధ మెట్లుండవలెనను ప్రశ్న మాత్రము పాతబడలేదు. ఈ విషయమున నొక ప్రాచీన శాసనమును, ఒక యాధునిక వృత్తాంతమును మహాసభకు విచ్చేసిన సోదర సోదరీమణుల యెదుట నుంచదలచితిమి.

శ్రవణబెళగొళయందు 1368వ సంవత్సరపు కన్నడ శాసనమొకటి కలదు. అది విజయనగరాధీశుడగు మొదటి బుక్కరాయలది. ఆనెగొంది, పెనుగొండ మున్నగు స్థలముల జైనులు, వైష్ణవ భక్తులు తమకు జేయు నన్యాయమును గూర్చి రాయలతో మొరపెట్టుకొనిరి. ఈ పెనుగొండ మన రాయలసీమలోనిదే. బుక్కరాయలు జైనుడు కాడు, శ్రీవైష్ణవుడును కాడు. ఆ వంశమువారికి విరూపాక్షుడు దైవము. వేదభాష్యకర్తయగు సాయణాచార్యుని కాశ్రయమొసగిన ప్రభువతడు. వైదిక మార్గమున నింత నిష్ఠగలవాడు, వేదప్రామాణ్యము నంగీకరింపని జైనుల మొర నెట్లు వినెను?

శ్రీరంగము, తిరుమల, కంచి, మేలుకోట మున్నగు క్షేత్రముల యాచార్యులతో గూడిన శ్రీవైష్ణవుల చేతిలో జైనుల చేయి పెట్టి, వైష్ణవ దర్శనమునకును జైన దర్శనమునకును భేదము లేదని రాయలు తీర్పు చెప్పెను. పంచమహావాద్యములును కలశమును జైనులకు బూర్వమువలెనే చెల్లవలెననియు, భక్తులవలన జైన దర్శనమునకు హాని గలిగినను వృద్ధి గలిగినను దానిని వైష్ణవులు తమదిగానే యెంచవలెననియు శాసించెను. తిరుమల తాతయ్య జైనుల యింటింటికి ఏడాది కొక హణము చొప్పున గైకొని, బెళగొళ దేవుని రక్షణకు ఇరువదిమంది భటుల నుంచి, మిగిలిన ధనముతో శిథిలమైన జినాలయములకు సున్నము కొట్టింపవలెనని యేర్పాటు జరిగెను.

బలవంతుని చేతిలో దుర్బలుని చేయి పెట్టి, వీని క్షేమమునకు నీవే పూచీ యనుట సామాన్యమైన రాజనీతి కాదు. రాయలు తన విశ్వాసమును విడువలేదు; ఇతరుల విశ్వాసమును విడువుమనలేదు. అయినను చరిత్ర చదువువారు స్తుతితో నాగరాదు. కావలికి గావలసిన హణమును జైనులే చెల్లించిరి. వారికి లభించిన రక్షణము రాజానుగ్రహము. మఱియొక రాజు వేఱొక తీర్పు చెప్పియున్నచో, ఆ జైనులు చూపదగిన హక్కేమి కలదు?

ఆ హక్కు మనకు 1950 జనవరి 26వ తేదీన నమలులోనికి వచ్చిన రాజ్యాంగమున దొరకినది. 25వ యధికరణము ప్రతివానికిని మతస్వాతంత్ర్యము నిచ్చినది. ఒక మతము యొక్క పోషణకై ప్రత్యేకించిన పన్నును చెల్లింపుమని యెవ్వరిని నిర్బంధింపరాదని 27వ యధికరణము చెప్పుచున్నది. పీఠికలో ‘సెక్యులర్’ అను పదము 1976లో 42వ సవరణచే జేరినను, అందలి భావము మొదటినుండియు నున్నదే. అట్లని రాజ్యాంగము నాయకుని నాస్తికుడవు కమ్మనలేదు. ప్రమాణ స్వీకార సమయమున దైవసాక్షిగా ప్రమాణము చేయువానికిని, దైవనామ మెత్తక దృఢముగా బలుకువానికిని సమానముగా దారి యిచ్చినది.

ఈ రాజ్యాంగమునకు రెండేండ్లయినను నిండకమునుపే పరీక్ష వచ్చినది. సోమనాథ దేవాలయమును పునర్నిర్మింతుమని సర్దారు వల్లభభాయి పటేలు 1947 నవంబరులో బ్రకటించిరి. అందులకు ప్రభుత్వ ధనాగారమును ముట్టక ప్రజల చందాలతోనే నిర్మింపవలెనని గాంధీమహాత్ముడు సూచించెను. 1951 మే 11వ తేదీన జరిగిన ప్రతిష్ఠోత్సవమునకు రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు వెళ్లుట ప్రధాని నెహ్రూగారికి సమ్మతము కాలేదు. మతాతీత రాజ్యమున కధిపతి యట్టి యుత్సవమున బాల్గొనినచో లోకమపార్థము చేసికొనునని వారి భయము. రాజేంద్రప్రసాదుగారు వెళ్లిరి. పిలిచినచో మసీదునకైనను చర్చికైనను అట్లే పోవుదునని వారు చెప్పినట్లు మున్షీగారు వ్రాసియున్నారు.

ఇరువురును దేశభక్తులే. ఎవరి పక్షము న్యాయమని యడిగినచో మా యభిప్రాయమిది. నాయకుని పాదములు తన దేవుని గుడికి నడచుట దోషము కాదు. ఆ పాదములే పరుల ప్రార్థనామందిరముల వాకిటను సంకోచింపక నిలువవలెను. ఆతని చేయి మాత్రము తన భక్తికై ప్రజాధనమును తాకరాదు; న్యాయము కోరి వచ్చినవాని నుదుటి బొట్టును జూచి కలము కదపరాదు. నెహ్రూగారి భయమును మనము తేలికగా ద్రోసివేయరాదు. పెద్ద మతమునకు జెందిన నాయకుని యుత్సాహము, చిన్న మతమువాని చెవికి బెదరింపుగా వినబడుట కలదు. కావున ఆ జాగ్రత్త నాయకునిదే కాని ప్రజలది కాదు.

మన సంఘమున విభూతి ధరించువారును, నామము ధరించువారును, చర్చికి బోవువారును గలరు. సంఘనిధి యందఱి చందాలతో నేర్పడినది. విద్యార్థి వేతనమునకు దరఖాస్తు పెట్టిన పిల్లవానిని చదువును బేదఱికమును గూర్చి యడుగుదము. దేవుని గూర్చి యడుగవద్దు. మన పెత్తనము క్రింది నిధియందు నిది పాటింపలేనిచో, ఢిల్లీ పాలకులకు ధర్మము చెప్పుటకు మనకు నోరెక్కడిది? ఈ మహాసభ యిట్టి తీర్మానమొకటి గావించునని యాశించుచున్నాము.

శుభం భూయాత్.