లైను తెగినా పని తెగదు

పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, నాలుగు చుక్కలు మజ్జిగ వేసి మూతపెట్టి మనం పడుకుంటాం. గిన్నె దగ్గర ఎవరూ కాపలా కూర్చోరు. తెల్లారేసరికి పెరుగు తోడుకుని ఉంటుంది. మనిషి పక్కన లేకపోయినా పని సాగిపోవడం మన వంటింట్లో వింత కాదు. ఆ మాత్రం సంగతి కంప్యూటర్లకి ఒంటబట్టడానికి మాత్రం పాతికేళ్ళు పైనే పట్టిందంటే నమ్ముతారా?

ఆ కథకి మూలం టెలిఫోను. మా నందిగామలో ఒకప్పుడు ట్రంకు కాల్ అంటే ఇల్లంతా హడావిడే. బుక్ చేసి గంటలకొద్దీ కాచుకుంటే లైను దొరికేది. కుశలప్రశ్నలయ్యి అసలు సంగతిలోకి రాగానే టక్కున తెగిపోయేది. మళ్ళీ బుక్ చేయడం, మళ్ళీ "హలో, హలో" దగ్గర్నుంచి మొదలు! కంప్యూటరువాళ్ళ కష్టమూ అచ్చంగా ఇదే.

1961 నవంబరులో అమెరికాలోని ఎం.ఐ.టి.లో కొర్బాటో అనే ఆయన, ఆయన తోటివారు కలిసి ఒకే పెద్ద కంప్యూటరును కొందరు ఒకే సమయంలో వాడుకునే పద్ధతి చేసి చూపించారు. ఉమ్మడి కుటుంబంలో ఒకే రుబ్బురోలును తోడికోడళ్ళు వంతులవారీగా వాడుకున్నట్టన్నమాట. కాకపోతే ఆ వంతులు రెప్పపాటులో మారిపోతాయి గనక ఎవరికి వారికే రోలు తమదే అనిపిస్తుంది. ఒక్కొక్కరి ముందు టైపు మిషను లాంటి యంత్రం ఉండేది. దాన్నే టెర్మినల్ అన్నారు. పోను పోను టెలిఫోను తీగ మీదుగా ఎక్కడో ఇంట్లో కూర్చుని కూడా పని చెప్పే వీలు కలిగింది.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ అనే ఏర్పాటుకి శ్రీకారం చుట్టారు. అందులో ఫోను లైను తెగితే కంప్యూటరు ఏమనుకునేదో తెలుసా? 'ఈ మనిషి ఫోను పెట్టేశాడు, ఇక వీడి పనితో అవసరం లేదు' అనుకుని, ఆ పనులన్నిటికీ 'హ్యాంగప్' అని ఒక కబురు పంపేది. ఆ కబురందితే, వేరే కట్టడి ఏదీ లేకపోతే, ప్రతి పనీ అక్కడికక్కడే చచ్చిపోవాలి. అన్యాయంగా ఉన్నా అందులో న్యాయం లేకపోలేదు. యజమాని లేని పని యంత్రాన్ని ఆక్రమించుకు కూర్చోకూడదు కదా! ఈనాడు ఫోను తీగలు పోయినా, ఆ కబురు పేరు మారలేదు. కబుర్ల జాబితాలో దాని నంబరు ఇప్పటికీ 1.

1973లో దీనికో విరుగుడు వచ్చింది: 'నోహప్'. ఫోను పెట్టేసినా పట్టించుకోవద్దని పనికి ముందే చెప్పి పంపడం. పని బతికేది గాని, దాన్ని మళ్ళీ పలకరించే వీలు లేదు. చెప్పదలచిందంతా ఒక ఫైలులో రాసిపెట్టి పోయేది. అత్తారింటి నుంచి ఉత్తరం రావడమే తప్ప పిల్ల మొహం చూసే యోగం లేనట్టు!

ఆ యోగం 1987లో పట్టింది. బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆలివర్ లౌమన్, కార్స్టెన్ బోర్మన్ 'స్క్రీన్' తయారుచేశారు. 2007లో నికొలస్ మారియట్ రాసిన 'టీమక్స్' దానికి చెల్లెలు.

ఇవన్నీ నాకెలా తెలిశాయంటే, మా తమ్ముడి కూతురు పుణ్యమే. 2020 లాక్‌డౌనులో హైదరాబాదు హాస్టలు ఖాళీచేసి జగ్గయ్యపేట వచ్చేసింది. రాత్రి మొదలుపెడితే తెల్లవారుజాముకి పూర్తయ్యే లెక్క ఏదో ఆఫీసు కంప్యూటరుకి అప్పజెప్పేది. అర్ధరాత్రి కరెంటు పోయేది. లైను తెగేది. అయిదు గంటల పని బూడిదలో పోసిన పన్నీరు. రెండుసార్లలా జరిగేసరికి పైఅధికారి, "ఇంటి దగ్గర కుదరకపోతే ముందే చెప్పమ్మా" అన్నాట్ట. ఇదే అదననుకుని మా తమ్ముడు, "ఎందుకొచ్చిన ఉద్యోగం, మానెయ్. సంబంధాలు చూస్తున్నాంగా" అన్నాడు. పిల్ల రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

తోటి ఉద్యోగిని ఒకావిడ ఫోనులో ఈ స్క్రీన్ సంగతి చెప్పింది. మూడో రాత్రి కరెంటు పోయినా పిల్ల నిశ్చింతగా పడుకుంది. పొద్దున లేచి చూస్తే పని పూర్తయి, ఫలితం సిద్ధంగా ఉంది.

"అదెలా?" అన్నాను.

"నేను పనితో నేరుగా మాట్లాడను అత్తా. ఆ కంప్యూటర్లోనే ఒక మధ్యవర్తి ఉంటుంది. పని దానితోనే మాట్లాడుతుంది. నేను వచ్చినా పోయినా దానికి తెలీదు."

"పొయ్యిమీద గిన్నె పక్కింటి పిన్నిగారికి అప్పజెప్పినట్టా?"

"అంతే. పిన్నిగారే ఊరెళ్తే మాత్రం ఏమీ చెయ్యలేం. ఆ కంప్యూటరే ఆగిపోతే పనీ పోతుంది."

తిరిగొచ్చినప్పుడు పోల్చుకోవడానికి పనికో పేరు కూడా పెట్టుకోవచ్చట. అది విని నాకు మా పేట స్తూపం గుర్తొచ్చింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ ఏట సిద్ధార్థుడనే శిల్పి అక్కడ అయిదు ఆయక స్తంభాలు నిలిపి, పేరూ ఊరూ రాయి మీద చెక్కించాడు. 1882లో బర్జెస్ దొర వచ్చి చూసేదాకా, ఆయన లేకపోయినా ఆ పేరు ఆ పనిని కనిపెట్టుకునే ఉంది.

2012లో ఎం.ఐ.టి.లోనే కీత్ విన్‌స్టీన్, హరి బాలకృష్ణన్ 'మోష్' తెచ్చారు. బస్సులో ఊళ్ళు మారినా, మూత వేసి తీసినా ఆ లైను అతుక్కునే ఉంటుందట.

యంత్రాలకి ఇంత ఓర్పు నేర్పాం, సంతోషమే. మరి కాన్పు కోసమో, మంచానపడ్డ అత్తగారి కోసమో రెండేళ్ళు ఉద్యోగం ఆపిన ఆడపిల్ల తిరిగి వెళితే, ఆపిన చోటినుంచి కాక ఇంకా "హలో, హలో" దగ్గర్నుంచే ఎందుకు మొదలుపెట్టమంటారో! ఈ మాట మా తమ్ముడితోనూ అన్నాను. జవాబు చెప్పలేదు గాని, సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్ళతో ఆయనే, "పిల్ల ఉద్యోగం మానదండీ" అని ముందుగా చెప్పాడు.