సాలెపురుగు దారము – గాలితుపాకి గుఱి

గాలితుపాకి బాలుర ఆటవస్తువనియు, దానికి బిగించు టెలిస్కోపు కేవలము విలాసమనియు తలచువారు పెక్కురు. కొనదలచినవారు కూడ దుకాణమున మొదట అడుగునది ‘ఎన్ని రెట్లు పెద్దదిగా చూపును?’ అని. నాలుగు రెట్లకంటె పన్నెండు రెట్లు మేలనియు, పెద్ద రైఫిలుపై నిలిచిన స్కోపు చిన్న గాలితుపాకిపై నిలువకపోదనియు వారి నమ్మకము. ఈ రెండు తలంపులును పొరపాటులే. ఎందుచేత పొరపాటులో తెలియవలెనన్న ఆ పరికరపు పూర్వచరిత్రను కొంత తెలిసికొనవలయును.

1608లో హాలండు దేశమున హాన్స్ లిపర్‌షే యను కళ్ళద్దముల పనివాడు దూరదర్శినికై పేటెంటు కోరెను. మరుసటి సంవత్సరమే గెలీలియో దానిని మెరుగుపరచి ఆకాశమువైపు త్రిప్పెను. కాని ఆ దూరదర్శినిలో కంటివైపు కటకము పుటాకారము. అందులోపల ప్రతిబింబము ఎచ్చటను ఏర్పడదు. కావున గుఱి గుర్తు నిలుపుటకు చోటులేదు. 1611లో కెప్లరు రెండు కుంభాకార కటకములతో వేరొక పద్ధతిని వివరించెను. ఇందులో దృశ్యము తలక్రిందుగా కన్పట్టినను, గొట్టములోపల నిజమైన ప్రతిబింబ మేర్పడును. ఆ చోట ఒక తంతువు నుంచినచో దృశ్యమును తంతువును ఏకకాలమున స్పష్టముగా గోచరించును. అయితే ఈ రహస్యమును మొదట కనుగొన్నది పండితుడు కాదు, ఒక సాలెపురుగు.

ఇంగ్లండునందు యార్క్‌షైరు వాసియైన విలియం గాస్కాయిన్ అను యువకుడు 1640 ప్రాంతమున నక్షత్ర పరిశీలనము చేయుచుండెను. తెరచియుంచిన అతని పరికరములో సాలెపురుగొకటి దారము లాగెను. దైవికముగా ఆ దారము సరిగా నాభిస్థానముననే పడుటచే, చూచినప్పుడు అది దృశ్యముతోపాటు స్ఫుటముగా కన్పించెను. దాని విలువ గాస్కాయిన్‌కు వెంటనే స్ఫురించెను. గుఱి తంతువును, సూక్ష్మకోణములను కొలుచు మైక్రోమీటరును అతడు నిర్మించెను. కాని అంతర్యుద్ధము వచ్చినది. 1644 జూలై 2వ తేదీన మార్‌స్టన్ మూర్ యుద్ధమున రాజపక్షమున పోరాడి అతడు మడిసెను. రమారమి పాతికేండ్లు ఆ కృషి లోకమునకు తెలియలేదు. 1667లో, ఫ్రాన్సున ఓజూ మైక్రోమీటరును ప్రకటించిన పిమ్మట, రిచర్డ్ టౌన్లీ గాస్కాయిన్ పేరును వెల్లడించెను. ఆపైన చిరకాలము సర్వేయర్ల థియోడొలైటులలో సాలెతంతువులే వాడబడినవి. శ్రీకాళహస్తి పేరులోని ‘శ్రీ’ తన దారముతో శివునికి గుడి కట్టిన సాలెపురుగని ఎఱిగిన తెలుగువారికి, ఆ అల్పప్రాణి శాస్త్రమునకు చేసిన ఈ సేవ వింతగా తోచకపోవచ్చును.

ఆకాశమునుండి ఈ గొట్టము తుపాకిపైకి దిగుటకు మఱి రెండు శతాబ్దములు పట్టినది. 1844లో అమెరికాలో జాన్ చాప్‌మన్ రైఫిలును గూర్చి వ్రాసిన గ్రంథమున టెలిస్కోపు గుఱిని వివరించెను. మోర్గన్ జేమ్స్ అను తుపాకుల పనివాడు వాటిని తయారుచేసెను. 1855 మొదలు విలియం మాల్కమ్ వర్ణదోషము తగ్గించిన కటకములతో మేలైన స్కోపులు చేసెను. 1861–65 నాటి అంతర్యుద్ధమున వాటిని సైనికులు వాడిరి. ఇవన్నియు దూరలక్ష్యమునకై, మందుగుండు రైఫిలుకై పుట్టినవి. అనగా వెనుకకు తన్ను తుపాకికై పుట్టినవి.

గాలితుపాకి చరిత్ర వేరు దారిని నడచినది. 1780లో ఆస్ట్రియా సైన్యము జిరార్డోని రూపొందించిన గాలిరైఫిలును స్వీకరించినది. దాని మడమయే గాలి నింపు తిత్తి. వరుసగా ఇరువది గుండ్లు ప్రేల్చగలదు. 1803–06 మధ్య లూయిస్, క్లార్కుల యాత్రలో సైతము ఇట్టి గాలిరైఫిలు వెంటనుండెను. తరువాత స్ప్రింగు, పిస్టనులతో పనిచేయు చౌకరకము ఇంటింటికి చేరినది. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

మీట నొక్కగానే స్ప్రింగు పిస్టనును ముందుకు నెట్టును. తుపాకి వెనుకకు కదలును. గొట్టపు చివర అణగిన గాలికి తగిలి పిస్టను నిలిచిపోవగానే తుపాకి తటాలున ముందుకు గుంజబడును. ఒక వెనుక తన్నును సహించుటకు మాత్రమే కటకములను బిగించిన స్కోపు ఈ జంట కుదుపునకు తాళలేదు. పెద్ద రైఫిలుపై ఏండ్లతరబడి నిలిచిన ఖరీదైన స్కోపు చిన్న స్ప్రింగు తుపాకిపై చెడిపోవుట కిదియే కారణము. కావున గాలితుపాకికని ప్రత్యేకముగా నిర్మించినదానినే ఎన్నుకొనవలయును. పట్టునుండి జారకుండ అడ్డుమేకు ఉండవలయును. జిరార్డోని సంతతియైన, నిలువగాలితో ప్రేలు నేటి తుపాకులకు ఈ కుదుపు దాదాపు లేదు.

రెండవది లంబనము. రైఫిలు స్కోపులను సామాన్యముగా 100 గజములు, అంతకుమించిన దూరమునకు సరిచేయుదురు. గాలితుపాకి లక్ష్యము 10 మొదలు 50 గజములలోనే యుండును. 100 గజములకు కుదిర్చిన 40 మిల్లీమీటర్ల ముందు కటకపు స్కోపుతో 25 గజముల లక్ష్యమును చూచునప్పుడు, కన్ను నడుమనుండి అంచునకు జరిగినచో గుఱి 15 మిల్లీమీటర్లవరకు తప్పును. 1980 దశకారంభమున బ్రిటనులో రూపొందిన ఫీల్డ్ టార్గెట్ క్రీడలో కొట్టవలసిన వలయపు వ్యాసము 15 నుండి 40 మిల్లీమీటర్లు మాత్రమే! కావున 10 గజములవరకు దూరము సర్దుకొను ఏర్పాటు, రెట్ల సంఖ్యకంటె ముఖ్యమైనది.

ఇక రెట్ల మాట. ముందు కటకపు వ్యాసమును రెట్లతో భాగించిన కంటికి చేరు కాంతివలయపు వ్యాసము తేలును. 40 మిల్లీమీటర్ల కటకమునకు నాలుగు రెట్లయిన 10, పది రెట్లయిన 4 మిల్లీమీటర్లు. సంజవెలుగున ఈ భేదము స్పష్టము. పైగా రెట్లు పెరిగినకొలది చేతివణకును అంతగా పెరిగి కనిపించును. ఫీల్డ్ టార్గెట్ క్రీడాకారులు ముప్పది, నలుబది రెట్లు కోరుట దూరమును అంచనా కట్టుటకు. తోటలో అట్టముక్కను కొట్టువానికి నాలుగు మొదలు తొమ్మిది రెట్లు చాలును.

అసలు ఒలింపిక్ 10 మీటర్ల గాలిరైఫిలు పోటీలో టెలిస్కోపు నిషిద్ధము. అందు పదిపాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. దానిని సన్నని రంధ్రముగుండ చూచియే అభినవ్ బింద్రా 2008లో స్వర్ణమును, హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012లో కాంస్యమును సాధించిరి. అద్దము చూపునది లక్ష్యమును, దానితోపాటు పట్టులోని లోపమును. ఆ లోపమును దిద్దవలసినది అభ్యాసమే.

గాలితుపాకి ఆటవస్తువు కాదనుటకు చట్టమును సాక్షి. 2016 ఆయుధ నిబంధనలు శక్తిని బట్టి, గొట్టపు కొలతను బట్టి కొన్నిటికి లైసెన్సును విధించినవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము పిట్టల వేటను అరికట్టినది. తాను గుఱిచూచునది అట్టముక్కయేనా, దాని వెనుక ఎవరైన ఉన్నారా యని స్కోపు చెప్పదు. అది చూచుకొనవలసినది, గొట్టమునకు కన్ను ఆనించుటకు ముందే.